ఎమ్మెల్సీ ఎన్నికల్లో అధ్యాపక సంఘం: మద్దతు ప్రకటించడం మేలా, ప్రశ్నలు పంపడం మేలా?

వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానం గడువు 2027 మార్చిలో తీరుతుంది. హనుమకొండ స్టాఫ్‌రూముల్లో అప్పుడే ఆ మాట మొదలైంది. మా అధ్యాపక సంఘం ఈసారి ఒక అభ్యర్థికి బాహాటంగా మద్దతు ప్రకటించాలని కొందరంటున్నారు. మన డిమాండ్లు అభ్యర్థులందరి ముందు పెట్టి, వాళ్లిచ్చే జవాబులు బయటపెడితే చాలని ఇంకొందరు. అసలు మన మనిషినే నిలబెడదామనే వాళ్లూ ఉన్నారు. నేను ఎటువైపో ముందే చెప్తాను. పట్టభద్రుల స్థానంలో సంఘం ఎవరికీ మద్దతు ప్రకటించకూడదు. ఉపాధ్యాయుల స్థానంలో ప్రకటించవచ్చు, అదీ సభ్యులందరి రహస్య ఓటుతోనే. ఈ రెండు స్థానాలనూ ఒకే గాటన కట్టి మాట్లాడుకోవడం వల్లే మన చర్చ తెగడం లేదు.

తెలంగాణ శాసనమండలిలో 40 స్థానాలుంటే పట్టభద్రులకు 3, ఉపాధ్యాయులకు 3. యూనివర్సిటీలో, డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే మనకు రెండు చోట్లా ఓటుంది. పట్టభద్రులుగా ఫారం 18, ఉపాధ్యాయులుగా ఫారం 19 నింపి ఇస్తాం. ఓటు మనదే అయినా, ఆ రెండు వరసల్లో మన పక్కన నిలబడే వాళ్లు వేరు. ఉపాధ్యాయుల వరసలో ఉన్నది మన వృత్తి వాళ్లే: హైస్కూలు టీచర్లు, జూనియర్ లెక్చరర్లు, మనం. గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు హైస్కూలు, ఆపై స్థాయి సంస్థల్లో బోధించిన వాళ్లకే అక్కడ ఓటు. పట్టభద్రుల వరసలో డిగ్రీ పూర్తయి మూడేళ్లు గడిచిన ప్రతి ఒక్కరూ ఉంటారు. 2024 ఉప ఎన్నికలో ఆ జాబితాలో 4.63 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో మన దగ్గర చదివి వెళ్లిన పిల్లలు ఎందరో. ఇప్పటికీ మన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న వాళ్లూ వాళ్లలోనే ఉన్నారు.

నాకు ఇబ్బందంతా ఇక్కడే. కొన్నేళ్ల కిందట ఒక ఎన్నికప్పుడు సంఘం నాయకులు కొందరు జనరల్ బాడీ పెట్టకుండానే ఒక అభ్యర్థికి మద్దతు ఇస్తున్నట్టు ప్రెస్‌నోట్ ఇచ్చారు. మర్నాడు పేపర్లో చూసేదాకా నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక అబ్బాయి చాప్టర్ దిద్దించుకోవడానికి వచ్చి, కాగితాలు తీయకుండా నిలబడి అడిగాడు. "సార్, సంఘమోళ్లు ఆయన పేరు చెప్పిన్రు కదా, మేం గూడ ఆయనకే వెయ్యాల్నా?" నీ ఇష్టం నాయనా అన్నాను. తలూపాడు గానీ నమ్మినట్టు లేదు. వాడి థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేనే. ఆ సంతకం చేతిలో పెట్టుకుని 'నీ ఇష్టం' అంటే అవతలి వాడికి ఎంత స్వేచ్ఛ ఉంటుంది? నేను ఒత్తిడి చేయలేదు నిజమే. కానీ మా సంఘం పేరు వాడి మీద ఒత్తిడి చేసింది. ఆ రోజు నుంచి ఈ విషయం నా మనసులో నలుగుతూనే ఉంది.

మద్దతు ప్రకటించాలనే వాళ్ల వాదనలో బలం లేదని నేననను. యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి ఖాళీలు నిండలేదు. నియామకాలకు ఉమ్మడి బోర్డు పెట్టే బిల్లు 2022 సెప్టెంబర్‌లో శాసనసభ, మండలి రెండూ దాటి, గవర్నర్ దగ్గర చాలాకాలం ఆగిపోయింది. కాంట్రాక్టు అధ్యాపకులు 2025 ఏప్రిల్‌లో తరగతులు వదిలి టెంట్ల కింద కూర్చున్నారు. 2004 సెప్టెంబర్ తర్వాత చేరిన వాళ్లకు పాత పెన్షన్ లేదు. ఇన్ని ఉండగా మనం తటస్థం అంటే చేతులు ముడుచుకోవడమే కదా అని ఒక మేడం అన్న మాటకు నా దగ్గర వెంటనే జవాబు దొరకలేదు. పైగా ఓరుగల్లు అధ్యాపకులు రాజకీయానికి దూరంగా ఉన్నదెప్పుడు? 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం 42 రోజుల సకల జనుల సమ్మె నడిచినప్పుడు మన వాళ్లు రోడ్డు మీదే ఉన్నారు.

అయితే అప్పుడు మనం నిలబడింది ఒక డిమాండ్ వెనక. మనిషి వెనక నిలబడటం వేరు. డిమాండ్ మాట తప్పదు. గెలిచిన మనిషి రేపు పార్టీ మారినా, మన ఫోన్ ఎత్తకపోయినా, మండలిలో నోరు విప్పకపోయినా ఆ బరువు ఆయనను బలపరచిన సంఘం మీదే పడుతుంది. ఎమ్మెల్సీ చేయగలిగిందీ పరిమితమే. మామూలు బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అంతే. ఆయన ప్రశ్న వేయగలడు, మంత్రిని కలవగలడు, సభలో మన మాట రికార్డుకు ఎక్కించగలడు. అంతవరకే అయితే ముందే మన ప్రశ్నలు రాసిచ్చి సంతకం తీసుకోవడం గట్టి పని. ఎవరు గెలిచినా ఆ కాగితం మన చేతిలో ఉంటుంది. ఓడిన అభ్యర్థిని బలపరచిన సంఘానికి ఆరేళ్లపాటు గెలిచినాయన గడప తొక్కడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఉపాధ్యాయుల స్థానం దగ్గరికొస్తే లెక్క మారుతుంది. 2025 ఫిబ్రవరి 27న జరిగిన ఎన్నికలో ఓటర్లు పాతిక వేల పైచిలుకు. పోటీ అక్కడ ఎప్పుడూ స్కూలు టీచర్ల సంఘాల మధ్యే. 2019లో యూటీఎఫ్ తరఫున అలుగుబెల్లి నర్సిరెడ్డి గెలిచారు, 2025లో పీఆర్‌టీయూ నాయకుడు పింగిళి శ్రీపాల్‌రెడ్డి ఆయనను ఓడించారు. కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులం సంఖ్యలో చిన్నవాళ్లం. కానీ ఇవి ప్రాధాన్య ఓట్లు. వయొలెట్ పెన్నుతో 1, 2, 3 అని అంకెలు వేస్తాం. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ వచ్చేదాకా, చివరనున్న వాళ్లను ఒక్కొక్కరినీ తీసేస్తూ వాళ్ల ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ఉన్నవాళ్లకు కలుపుతారు. అంటే మనలాంటి చిన్న గుంపు రెండో ప్రాధాన్యం ఎవరికో కలిసికట్టుగా చెప్తే, గట్టి పోటీలో ఇద్దరు పెద్ద అభ్యర్థులూ మన దగ్గరికి రాక తప్పదు. అక్కడ ఓటరు మన విద్యార్థి కాడు, మనలాంటి ఉద్యోగి. ఎవరి మార్కులూ ఎవరి చేతిలోనూ లేవు. అందుకే అక్కడ మద్దతు ప్రకటనలో తప్పు లేదు, లాభమూ ఉంది.

ప్రభుత్వ డిగ్రీ కాలేజీల మిత్రులకు ఒక మాట. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలు మీకు వర్తిస్తాయి. రాజకీయాల్లో, ఎన్నికల్లో పాల్గొనడం మీద వాటిలో ఆంక్షలున్నాయి. యూనివర్సిటీ వాళ్లు ప్రచారం చేశారని మీరూ చేస్తే మెమో వచ్చేది మీకే. సంఘం తీర్మానం చేసేముందు మీ సంగతి ఆలోచించాలి.

మన మనిషినే నిలబెట్టే దారి గురించి ఎక్కువ రాయను. ప్రొఫెసర్ నాగేశ్వర్ హైదరాబాద్ వైపు పట్టభద్రుల స్థానంలో స్వతంత్రుడిగా 2007లో, 2009లో గెలిచారు. ఆ ఉదాహరణ అందరూ చెప్తారు. మన స్థానంలో 2021లో 71 మంది పోటీ చేస్తే, తెలంగాణ ఉద్యమాన్ని నడిపించిన కోదండరాం సారే మూడో స్థానంలో ఆగారు. 12 జిల్లాల్లో ఊరూరా తిరిగే బలం, డబ్బు మన సంఘానికి లేవు. చందాలేసి మన మిత్రుణ్ణి ఓటమికి పంపడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి రాబోయే ఎన్నికకు జనరల్ బాడీలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. బరిలో ఉన్న ప్రతి అభ్యర్థికీ ఐదు ప్రశ్నలు పంపాలి. ఖాళీల భర్తీ ఏ పద్ధతిలో కోరతారు, కాంట్రాక్టు వాళ్ల సర్వీసుకు ఏం విలువ ఇస్తారు, పాత పెన్షన్ మీద మీ మాటేమిటి, స్కాలర్‌షిప్, ఫీజు బకాయిల గురించి సభలో అడుగుతారా, ఏడాదికోసారి హనుమకొండకు వచ్చి మాకు లెక్క చెప్తారా. జవాబులు ఉన్నవున్నట్టు అచ్చువేసి గేటు దగ్గర అంటించాలి. జవాబు ఇవ్వని వాళ్ల పేరు కింద ఖాళీ వదలాలి. సంఘం ఎవరి పేరూ చెప్పదు. ఎవరికి వాళ్లు సొంతంగా ప్రచారం చేసుకుంటే అది వాళ్ల హక్కు, సంఘం లెటర్‌హెడ్ మాత్రం వాడకూడదు.

ఉపాధ్యాయుల స్థానానికి మళ్లీ ఎన్నిక 2031లో. దానికి బైలాలో ఇప్పుడే రాసుకోవాలి: ముందు అవే ప్రశ్నలు, తర్వాత రహస్య ఓటు, మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ప్రకటన. అందులో ఒక చిక్కుంది, దాన్ని ముందు విప్పాలి. మా సంఘంలో రెగ్యులర్ వాళ్లకే ఓటు. పక్క గదిలో పదిహేనేళ్లుగా పాఠం చెప్తున్న కాంట్రాక్టు లెక్చరర్‌కు ఎమ్మెల్సీ ఎన్నికలో నాతో సమానంగా ఓటుంది, మా జనరల్ బాడీలో మాత్రం కుర్చీ లేదు. ఆయన పేరు చెప్పి అభ్యర్థిని ప్రశ్న అడగబోతున్నాం. ఆయనకు సభ్యత్వం ఇచ్చే సవరణ మొదటి అంశంగా రావాలని కార్యదర్శికి ఉత్తరం ఇచ్చాను. మిగతా తీర్మానాలు దాని తర్వాతే.