కొంగ, కుచ్చెళ్లు, కృష్ణ నీరు: విజయవాడలో రెండు ఆదివారాల కాగితం మడతల శిక్షణ

కాగితం మడతల కళ ద్వారా చమురు పైపులైన్ల నుంచి మంచినీటిని కాపాడుకోవడం గురించి నలుగురూ కలిసి మాట్లాడుకునే శిక్షణ అని తెలిసి, నేనూ తొమ్మిదేళ్ల మా అబ్బాయీ గత నెల రెండు ఆదివారాలు గుంటూరు నుంచి విజయవాడ వెళ్లివచ్చాము. బందరు రోడ్డుకు దగ్గరలో ఒక పాత మేడమీది హాలులో, రోజుకు మూడు గంటల చొప్పున జరిగింది. పెద్దలకు 300 రూపాయలు, పిల్లలకు అందులో సగం, కాగితం వాళ్లే ఇస్తారు. మరోసారి పెడతామంటున్నారు కాబట్టి, వెళ్లదలచిన వారికి పనికివచ్చేలా ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మొత్తం మీద వెళ్లదగినదే. కొన్ని చోట్ల చాలా గొప్పగా ఉంది, ఒకటి రెండు చోట్ల మాత్రం వాళ్లు మార్చుకుని తీరాలి.

మొదటి ఆదివారం కొంగతో మొదలయింది. హిరోషిమా మీద బాంబు పడినప్పుడు రెండేళ్ల పసిపాపగా ఉన్న సడాకో ససాకి, 1955లో రక్త క్యాన్సరుతో ఆసుపత్రిలో పడుకుని, వెయ్యి కొంగలు మడిస్తే కోరిక తీరుతుందన్న జపాను నమ్మకంతో మందుల కాగితాలు సైతం వదలకుండా మడిచిందనీ, ఆమె మరణం తర్వాత తోటి పిల్లలు పూనుకోవడం వల్ల 1958లో అక్కడ పిల్లల శాంతి స్మారకం వెలిసిందనీ నేర్పే అమ్మాయి చెప్పింది. ఇప్పటికీ ఏటా కోటి దాకా కాగితపు కొంగలు ప్రపంచం నలుమూలల నుంచి హిరోషిమాకు చేరుతున్నాయట. చేతిలో ఇమిడే ఒక చదరపు కాగితం ఊరి మొత్తం మాటగా ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఆరంభం లేదు. ఆమె ఈ కథను కన్నీళ్ల కోసం సాగదీయకుండా పది నిమిషాలలో ముగించి, వెంటనే మా చేతులకు పని చెప్పింది.

నేర్పిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మడతల గీతలను చుక్కలతోనూ బాణాలతోనూ చూపే గుర్తుల పద్ధతిని జపాను కళాకారుడు అకిరా యోషిజావా గత శతాబ్దంలో రూపొందించాడు. ఈ రోజు ఏ దేశంలో మడతల పుస్తకం తెరిచినా కనిపించేవి దాదాపు అవే గుర్తులు. వాటిని తీసుకుని, లోపలికి వంగేది ‘లోయ మడత’, బయటికి లేచేది ‘కొండ మడత’ అని తెలుగులో పెద్ద చార్టుల మీద రాసి గోడకు అతికించారు. మా బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపారట. చార్టు వైపు చూడకుండానే ఆవిడ మూలకు మూల కలిపి, గోరుతో గీత దిద్ది, అందరికంటే ముందు కొంగను లేపారు. “పొట్లం కట్టడం వచ్చినవాళ్లకి ఇదెంతమ్మా, మూతి దగ్గర గాలి పోకూడదు, అంతే” అని మా అబ్బాయికి రెండోసారి చేసి చూపించారు. నేర్పే అమ్మాయి చటుక్కున వచ్చి, “అమ్మమ్మగారూ, ఆ పొట్లమే అందరికీ ఒకసారి చూపించండి” అని ఆవిడను ముందుకు పిలిచింది. అక్కడి నుంచి హాలు మొత్తం బడి వాసన వదిలి, అరుగు మీద కూర్చున్నట్టయింది.

శిక్షణకు ప్రాణం మాత్రం కుచ్చెళ్లది. ఒక్కొక్కరికి ఒక పొడవాటి కాగితపు పట్టీ ఇచ్చి, చీర కుచ్చెళ్లు పెట్టినట్టు సరిగ్గా 17 మడతలు వేయమన్నారు. ఎందుకో చెప్పలేదు. అందరివీ పూర్తయ్యాక, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని మార్షల్ పట్టణం దగ్గర 2010 జూలై 25న పగిలిన ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ 6బి పైపులైను సంగతి మొదలుపెట్టింది ఆ అమ్మాయి. భూమిలో పాతిన ముప్పై అంగుళాల ఉక్కు గొట్టం ఆరడుగులకు పైగా చీలింది. దూరాన ఉన్న కంట్రోల్ రూములో హెచ్చరికలు మోగుతూనే ఉన్నా, అవి గొట్టంలో నూనె మధ్య ఖాళీ ఏర్పడడం వల్ల మోగుతున్నాయనుకుని, మధ్యలో రెండుసార్లు మళ్లీ పంపులు నడిపారు. పోయిన చమురులో ఎక్కువ భాగం ఆ రెండుసార్లలోనే పోయింది. సంగతి తేలడానికి 17 గంటలు పట్టింది, అదీ బయటి మనిషి ఒకరు ఫోన్ చేసి చెబితే. ఈ మాట అన్నాక, చేతిలోని పట్టీని ఒక్కో గంటకు ఒక్కో మడత చొప్పున విప్పమన్నారు. ఒకటి, రెండు, మూడు అని ఆమె నెమ్మదిగా లెక్కపెడుతుంటే, పదో మడత దాటేసరికి పట్టీలు బల్లల మీద నుంచి జారి నేల మీద పడ్డాయి. పిల్లలు కూడా నోరు మెదపలేదు. 17 గంటలు అన్న అంకె పేపరులో చదివితే నాకు గుర్తుండేది కాదు. చేత్తో మడిచి చేత్తో విప్పిన తర్వాత మరచిపోవడం కుదరదు.

ఆ తర్వాత వివరణ కూడా పైపైన పోనివ్వలేదు. ఆ గొట్టంలో ప్రవహించింది మామూలు ముడిచమురు కాదు. కెనడాలోని చమురు ఇసుక నుంచి తీసిన తారు లాంటి చిక్కటి పదార్థానికి, గొట్టంలో పారడం కోసం తేలికపాటి ద్రావకం కలుపుతారు. వాగులోకి, అక్కడి నుంచి కలమజూ నదిలోకి చేరగానే ఆ ద్రావకం ఆవిరైపోయి చుట్టుపక్కల వారికి తలనొప్పి, వాంతులు తెచ్చింది. మిగిలిన బరువైన నూనెలో కొంత భాగం నీటి మీద తేలకుండా అడుగుకు దిగిపోయింది. సుమారు 32 లక్షల లీటర్లు పోయింది, యాభై కిలోమీటర్లకు పైగా నదిని మూసివేశారు, అడుగు బురదను తవ్వి తీయడం ఏళ్ల తరబడి సాగింది. ఒక గాజు గిన్నెలో నీళ్లు పోసి, కొంచెం ఆవనూనె తేలడమూ, ఇసుక కలిపిన తారు ముద్ద మునగడమూ పక్కపక్కనే చూపించారు. నూనె పాకకుండా నీటి మీద పరిచే అడ్డుతాళ్లు తేలే నూనెకు పనికివచ్చినా, మునిగే నూనెకు ఎందుకు పనికిరావో మా అబ్బాయే ఇంటికి వచ్చి వాళ్ల నాన్నకు వివరించాడు.

కళకూ ఉద్యమానికీ ఉన్న సంబంధం గురించి రెండో ఆదివారం చెప్పిన ఉదాహరణ కూడా చక్కగా ఎంచుకున్నది. అమెరికాలోనే ఉత్తర డకోటా నుంచి ఇల్లినాయ్ వరకు దాదాపు 1,886 కిలోమీటర్ల డకోటా యాక్సెస్ పైపులైను, మిస్సౌరీ నది మీది ఒవాహే జలాశయం కింద నుంచి వెళ్తుందని తెలిసి, ఆ నీటి మీదే ఆధారపడిన స్టాండింగ్ రాక్ సూ జాతి మూలవాసులు 2016లో అక్కడే గుడారాలు వేసుకుని కూర్చున్నారు. ‘మ్నీ విచోనీ’, నీరే ప్రాణం, అన్నది వారి నినాదం. ఆ జాతికి కేటాయించిన అదే నేల (రిజర్వేషను) మీద పుట్టిన కళాకారుడు కనుపా హాన్స్కా లూగర్, చవకైన చెక్కబోర్డుకు అద్దంలా మెరిసే పొర అంటించి డాలు చేయడం ఎలాగో వీడియోలో చూపిస్తే, ఎక్కడెక్కడి వాళ్లో చేసి పంపారు. ఎదురుగా నిలబడిన పోలీసుకు ఆ డాలులో తన ముఖమే కనిపిస్తుంది. 2017 జూన్ నుంచి ఆ గొట్టంలో చమురు నడుస్తూనే ఉందన్న సంగతి కూడా ఆమె దాచలేదు. ఓడిన చోట ఓడామని పిల్లల ముందు చెప్పడాన్ని నేను గౌరవిస్తాను.

నా ప్రధానమైన అసంతృప్తి ఇక్కడే మొదలవుతుంది. మిషిగన్‌కు, డకోటాకు అంత సమయం ఇచ్చినవారు మన నేల కింది గొట్టాలకు చివర పావుగంట మాత్రమే మిగిల్చారు. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు 572 కిలోమీటర్ల పెట్రోలు, డీజిలు పైపులైను ఉంది. కొండపల్లి దగ్గరి చమురు నిల్వ కేంద్రాలు బస్సులో పోయేవారందరికీ కనిపించేవే. ఇందులో వెళ్లేది తారు కాదు, శుద్ధి చేసిన నూనె. అది అడుగుకు దిగదు, తేలుతుంది. కానీ పెట్రోలులోని బెంజీను లాంటి విషపదార్థాలు నీటిలో కరిగి బావుల దాకా చేరగలవు, కాబట్టి మనకు కావలసిన జాగ్రత్త కలమజూ జాగ్రత్త కాదు, వేరేది. 1962 నాటి కేంద్ర చట్టం ప్రకారం కింద నుంచి గొట్టం పోయే పొలం రైతుదే అయినా, గొట్టం వెంట ఉండే నేల పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు. గొట్టం దారి చూపే రాతి గుర్తుల మధ్య తన పొలం ఉన్న రైతు ఒక్కడిని పిలిచి మాట్లాడించి ఉంటే, హాలులోని వారికి డకోటా కూడా ఇంకా బాగా అర్థమయ్యేది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలిచే నీటితో సుమారు 13 లక్షల ఎకరాలు పండుతున్నాయి, విజయవాడ తాగేదీ గుంటూరు తాగేదీ ఆ కృష్ణ నీరే. ఇంతకంటే దగ్గరి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

ఆ పావుగంటలోనే కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకావిడ లేచి, 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండిన రోజులలో రాత్రిళ్లు కూడా తమ ఊళ్లో దీపం అవసరం లేకపోయిందనీ, 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలినప్పుడు తమ బంధువులకు ఫోన్లు కలవలేదనీ చెప్పారు. అవి గ్యాసు సంగతులు, చమురువి కావని ఆవిడే విడమరచి చెప్పి కూర్చున్నారు. ఆ మాటలకు ఒక మడత, ఒక రూపం దొరకకుండానే సమయం అయిపోయింది.

రెండో లోపం కాగితం. మొదటి రోజు ఇచ్చినది ఒకవైపు ప్లాస్టిక్ పొర ఉన్న తళుకు కాగితం. మడత బాగా నిలుస్తుంది, నిజమే, కానీ నీటి కోసం చేసే పనిలో నీటిలో కరగని కాగితమా? అంతకంటే ముఖ్యంగా, చివరి రోజు పడవలు చేసి బందరు కాలువలో వదలాలని వాళ్ల కార్యక్రమంలో ఉంది. అప్పుడు కాలువల మీద లస్కరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన చెయ్యెత్తారు. “అమ్మాయ్, ఇవి ఎక్కడికీ పోవు. కింద లాకుల దగ్గర చెత్తలో చిక్కుకుంటాయి, పొద్దున మా వాళ్లే గెడతో తీయాలి” అన్నారు. నేర్పే అమ్మాయి వాదించలేదు. “మీరు చెప్పినట్టే చేద్దాం బాబాయ్‌గారూ” అని పడవలన్నిటినీ దారానికి గుచ్చి, హాలు మెట్ల పక్క గోడకు వేలాడదీయించింది. పడవ ఒక్కోదాని మీద తన ఇంటి నీరు ఏ కాలువ నుంచి, ఏ బోరు నుంచి, ఏ ట్యాంకరు నుంచి వస్తుందో రాయమంది. ఆ దారం చదువుతూ మెట్లు దిగడం ఈ రెండు రోజులలో నాకు మిగిలిన మంచి అనుభవాలలో ఒకటి. తళుకు కాగితాన్ని కూడా రెండో రోజుకే పక్కన పెట్టి, పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి తెచ్చారు.

మిగతావి చిన్న విషయాలు. రెండు రోజులూ ముప్పావు గంట ఆలస్యంగా మొదలయింది. బల్లలు పెద్దలకు సరిపోయాయి గానీ పిల్లలకు ఎత్తు ఎక్కువ. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవారు ముందుగా ఫోన్ చేసి కింది గదిలో బల్ల వేయమని అడిగితే వేస్తారు, ఆ పెద్దావిడకు రెండో రోజు వేశారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు కొంగ కష్టం, వారికి చేప నేర్పుతారు.

ఆ 300 రూపాయలకు ఇది తక్కువ కాదు. తర్వాతి విడతలో మన పైపులైను పట్టీ గురించి కనీసం ఒక గంట పెట్టమని నేను వారికి ఉత్తరం రాశాను, రైతును తీసుకురావడానికి ప్రయత్నిస్తామని జవాబు వచ్చింది. మీరు వెళ్తే ఇంట్లోని పాత క్యాలెండరు కాగితాలు చుట్టకుండా, ముడత పడకుండా ఏదైనా పుస్తకం మధ్యలో పెట్టి తీసుకెళ్లండి, మీ ఇంటి నీరు ఎక్కడి నుంచి వస్తుందో ముందే కనుక్కుని వెళ్లండి. మా పడవ మీద నేను ‘కాలువ నీరు’ అని రాసి ఊరుకున్నాను. ఏ కాలువ అని మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు కోసం సోమవారం మునిసిపల్ నీటి ట్యాంకు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్తున్నాము.