స్లైడ్ హ్యామర్ మంచిదే, కానీ ఏది ఊడొస్తుందో మన చేతుల్లో లేదు

నా దగ్గర 1996 మోడల్ హోండా అకార్డ్ ఉంది, నేనుండేది అమెరికాలోని మిషిగన్‌లో. కారు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, వాడినవాళ్లందరికీ తెలిసినవే. ఇది దాని ముందు చక్రాల రోటార్లు (బ్రేకు ప్యాడ్లు పట్టుకునే ఇనుప పళ్లాలు) మార్చడానికి కొన్న స్లైడ్ హ్యామర్ గురించి, అంటే ఇరుక్కున్న భాగాన్ని దెబ్బలతో బయటికి గుంజే పనిముట్టు. కొన్న కొత్తలో కనబడినవాళ్లందరికీ దాని గొప్పలు చెప్పాను. ఇప్పుడూ మంచిదనే అంటాను, కాకపోతే గొంతు కాస్త తగ్గించి.

1998 నుంచి వచ్చిన అకార్డ్‌లకు రోటార్ హబ్ (చక్రం బిగించే భాగం) పైనుంచి తొడిగి ఉంటుంది. చక్రం, క్యాలిపర్ (ప్యాడ్లను రోటార్‌కి నొక్కే భాగం) తీసి రెండు స్క్రూలు విప్పితే చేతికొచ్చేస్తుంది. (ఆ స్క్రూలు అంత తేలిగ్గా రావనుకోండి. ఇంపాక్ట్ డ్రైవర్‌కీ లొంగకపోతే డ్రిల్‌తో తలలు ఎగరగొట్టడమే. చక్రం నట్లు బిగిస్తే రోటార్ ఎలాగూ కదలదు.) 1990 నుంచి 1997 దాకా వచ్చినవాటికి మాత్రం రోటార్ హబ్ వెనకాల ఉంటుంది. యాక్సిల్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) నట్టు విప్పాలి, యాక్సిల్‌ని లోపలికి తోయాలి, నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనుప దిమ్మ) వెనక నుంచి నాలుగు బోల్టులు తీయాలి, అప్పుడు హబ్బు, బేరింగు, రోటారు మూడూ కలిపి ఒకేసారి బయటికి లాగాలి. రోటార్‌ని హబ్ నుంచి విడదీయడం ఆ తర్వాతి పని. అందుకే ఈ కార్లకు రోటార్ విప్పకుండా, కారు మీదే ఉంచి తురిమే మెషిన్ వాడేవాళ్లు. రోటార్ మీద ముద్రించిన కనీస మందం దాకా అరిగిపోయాక ఆ దారీ ఉండదు. నావి అక్కడికే వచ్చాయి. ఫ్రీవే మీద బ్రేకు తొక్కితే స్టీరింగ్ చేతుల్లో వణికేది.

డెట్రాయిట్ కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది. చలికాలంలో మంచు కరగడానికి ఉప్పు చల్లిన మా రోడ్లు చూస్తే ఆ గనంతా పైకి తెచ్చి పోశారేమో అనిపిస్తుంది. ఆ ఉప్పునీళ్లు బేరింగ్‌కీ నకిల్‌కీ మధ్య వెంట్రుకవాసి సందులో చేరి ఏళ్లతరబడి తుప్పు పెంచుతాయి. పైగా మిషిగన్‌లో సొంత కార్లకు ఏటా తనిఖీ ఏమీ లేదు కాబట్టి, స్టీరింగ్ వణికేదాకా అటువైపు తొంగి చూసేవాడే ఉండడు. దగ్గర్లో ఉన్న ఒక షాపులో అడిగితే, "బేరింగు ఎలాగూ పోతుంది, నకిల్ కూడా పోవచ్చు" అంటూ చెప్పిన అంచనా విని మా ఆవిడ నా మొహం చూసింది. కారు అమ్మినా అంత రాదు.

ఇక్కడ విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కడితే ఇలాంటి పనిముట్లు వాడుకోవడానికిస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు. మొదట అలాగే తెచ్చి, నచ్చి, తర్వాత సొంతానికి కొన్నాను. పెద్ద యంత్రమేమీ కాదు. ఒక ఇనుప కడ్డీ, దాని మీద ముందుకీ వెనక్కీ జారే బరువు, చివర ఒక పలక. పలకని హబ్ స్టడ్లకు (చక్రం నట్లు ఎక్కే మరల కడ్డీలకు) పాత నట్లతో బిగించి, బరువుని మనవైపు విసురుగా లాగితే కడ్డీ చివర ఆపు దగ్గర ఠంగుమని తగిలి హబ్‌ని బయటికి గుంజుతుంది. డ్రైవర్ వైపు అది చేసిన పని చూసి ముచ్చటేసింది. ముందు ఏ కదలికా లేదు. తర్వాత బేరింగ్ అంచు చుట్టూ ఎర్రటి పొడి రాలి కింద పరిచిన అట్టపెట్టె మీద పడింది, సన్నటి నల్లగీత ఒకటి కనపడింది. దెబ్బ పడ్డప్పుడల్లా గీత వెడల్పయింది. చివరికి మొత్తం సెట్టు, బేరింగ్ చెక్కుచెదరకుండా, నా ఒళ్లో పడింది. ఆ ఊపులోనే ఊరంతా దాన్ని పొగిడాను.

అవతలి వైపు కథ వేరు. నాలుగు బోల్టులూ పద్ధతిగా తీశాకే కొట్టడం మొదలుపెట్టాను. గీత కనపడింది, కానీ కనపడాల్సిన చోట కాదు. ఇంకో రెండు దెబ్బలకు హబ్బూ రోటారూ బయటికొచ్చాయి, బేరింగ్ మాత్రం నకిల్‌లోనే ఉండిపోయింది. దాని లోపలి రింగు హబ్ గొట్టానికి, వేలికి బిగిసిపోయిన ఉంగరంలా, అతుక్కుని వచ్చింది. అంటే బేరింగ్ రెండు ముక్కలన్నమాట. ఇందులో వింతేం లేదు. హబ్‌ని బేరింగ్‌లోకి ప్రెస్‌తో (బలంగా నొక్కే యంత్రంతో) దించుతారు, బేరింగ్‌నేమో తుప్పు నకిల్‌లో బిగించి ఉంచుతుంది. తుప్పు బిగువు ప్రెస్ బిగువు కంటే గట్టిదైతే హ్యామర్ హబ్‌నే లాగుతుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడే ఊడుతుంది. డబ్బా మీద ఈ ముక్క రాయరు.

మిగిలిపోయిన బేరింగ్‌ని తీయడానికి స్లైడ్ హ్యామర్ ఎందుకూ పనికిరాలేదు, పలక బిగించడానికి అక్కడ స్టడ్లే లేవు మరి. దాన్ని బయటికి తీసింది మామూలు వస్తువులే. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే నూనె శుభ్రంగా తుడిచి, ఏబీఎస్ (బ్రేకు సెన్సారు) వైరు పక్కకి కట్టి, బాల్ జాయింట్ రబ్బరుకి సెగ తగలకుండా చూసుకుంటూ నకిల్ చుట్టూ గ్యాస్ టార్చితో వేడి చేశాను. నాలుగు బోల్టులనూ మళ్లీ సగం దాకా బిగించి, వాటి తలల మీద సాకెట్ ఎక్స్‌టెన్షన్ ఆనించి, వెనక నుంచి ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా కొడుతూ పోయాను. ఒక్కదాన్నే బాదితే బేరింగ్ వంకరగా ఇరుక్కుంటుంది. సాయం పట్టడానికొచ్చిన నల్గొండ కుర్రాడు "స్క్రాప్‌కి ఇచ్చెయ్ అన్నా, చేతులు పోతయ్" అంటూనే ఉన్నాడు, టార్చి మాత్రం వదల్లేదు. బేరింగ్ ఊడొచ్చాక పెద్దగా అరిచింది కూడా వాడే. హబ్ మీది రింగుని గ్రైండర్‌తో సగం కోసి ఉలితో పగలగొట్టాం. కొత్త బేరింగ్‌లో హబ్‌ని ప్రెస్ చేయించడానికి మెషిన్ షాపుకి వెళ్లక తప్పలేదు. ఇంట్లో చేసుకుంటే మిగులుతుందనుకున్న డబ్బులో చాలా భాగం అక్కడే పోయింది.

బిగించేటప్పుడు నకిల్ రంధ్రాన్ని తెల్లగా మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, పల్చగా యాంటీ సీజ్ (తుప్పుతో అతుక్కోకుండా పూసే పేస్టు) పూశాను. రోటార్ ముఖానికి ఒక్క చుక్క కూడా తగలనివ్వలేదు. కొన్నేళ్లకి మళ్లీ రోటార్లు మార్చాల్సి వచ్చినప్పుడు అసలు ఆశ్చర్యం ఎదురైంది. బోల్టుల తలల మీద మామూలు సుత్తితో తడితే రెండు వైపులా సెట్లు జారి వచ్చేశాయి. స్లైడ్ హ్యామర్ గోడ దిగలేదు. ఇప్పుడెవరైనా అడిగితే ముందు ఆ చిన్న ట్యూబు గురించి చెప్పి, తర్వాతే హ్యామర్ సంగతెత్తుతున్నాను.

మొన్న ఒక ఫ్రెండ్ టయోటా క్యామ్రీకి రోటార్ పట్టేసిందని అడిగితే హ్యామర్ ఇవ్వలేదు. ఆ రోటార్ ముఖం మీదే మరలున్న రంధ్రాలు రెండుంటాయి. 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు అందులో వేసి వంతులవారీగా బిగిస్తే హబ్ నుంచి అదే తోసుకుని వస్తుంది.

కొనాలా వద్దా అంటే, నాకు గ్యారేజీ ఉంది, ఆఫీసుకి వెళ్లడానికి ఇంట్లో ఇంకో కారుంది, వీకెండ్ పోయినా అడిగేవాళ్లు లేరు. ఈ మూడూ లేకుండా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఈ పని పెట్టుకోమని చెప్పలేను. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉంటే దీని అవసరమే పడకపోవచ్చు. ఉప్పు రాష్ట్రాల్లో ఉండి, 1990-97 అకార్డ్‌నే పట్టుకుని వేలాడుతున్న నాలాంటివాళ్లు మొదటిసారికి డిపాజిట్ కట్టి తెచ్చుకోండి, చాలు. విప్పడం మొదలుపెట్టక ముందే కొత్త యాక్సిల్ నట్లు, 36 మిల్లీమీటర్ల సాకెట్టు, ఆ నట్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో 181 ఫుట్ పౌండ్ల దాకా చూపే టార్క్ రెంచి, చెరో వైపుకీ ఒక బేరింగు తెచ్చి పెట్టుకోండి. బేరింగ్ వాడకపోతే బిల్లు చూపించి వెనక్కి ఇచ్చేయొచ్చు.