130 పౌండ్ల డీజిల్ హీటర్: రెండు చలికాలాలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, హీటర్‌కి నాలుగు స్టార్లు. మొదటి ఏడాది నేను దానికి తాగించిన డీజిల్‌కి అర స్టారు కూడా దండగే.

నేనుండేది నారోబోట్‌లో, అంటే ఇక్కడి కాలువల్లో తిరిగే సన్నటి ఇంటి పడవలో. లండన్‌కి పడమర, గ్రాండ్ యూనియన్ కాలువ మీద, ఎక్కువగా కౌలీ దగ్గర, అప్పుడప్పుడూ స్లౌ వైపు చీలే 5 మైళ్ల పాయలో (ఆ ఊళ్లో మనవాళ్లు దండిగా ఉంటారు, పాయ చివర పడవ కట్టేస్తే కరివేపాకుకి కొదవ లేదు). 57 అడుగుల పొడుగు, ఏడడుగుల లోపు వెడల్పు, మొత్తం ఇనుము. జనవరిలో లోపల ఊపిరి వదిలితే ఆవిరి కనిపిస్తుంది. మా అమ్మ వీడియో కాల్‌లో చూసిన ప్రతిసారీ "ఒరేయ్, నీకు అద్దెకి ఇల్లే దొరకలేదా?" అంటుంది. దొరికింది అమ్మా, అద్దె విన్నాకే పడవ కొన్నాను.

వెబాస్టో, ఎబర్‌స్పాషర్ లాంటి జర్మనీ హీటర్లు వెయ్యి పౌండ్ల దరిదాపుల్లో ఉంటాయి. అంత పెట్టలేక ఆన్‌లైన్‌లో చైనా కిట్ తెప్పించా. డబ్బా మీద 5 కిలోవాట్లు అని రాసుంది. అంత ఇస్తుందో లేదో నేను కొలవలేదు గానీ అరగంటలో స్వెటర్ తీసేయాల్సి వస్తుంది, నాకది చాలు. పనితీరు సింపుల్. చిన్న పంపు టిక్ టిక్ మంటూ చుక్క చుక్కగా డీజిల్ పంపుతుంది, గ్లో ప్లగ్ ఎర్రగా కాలి దాన్ని అంటిస్తుంది, ఫ్యాన్ వేడి గాలిని గదిలోకి తోస్తుంది, పొగ వేరే పైపులోంచి బయటికి పోతుంది.

ఐదో స్టారు ఎందుకు కోశానంటే, ఆ పొగ గొట్టం వల్లే. ఈ కిట్లు లారీల కోసం, వ్యాన్ల కోసం చేసినవి, వాటికి గొట్టం బండి కింద ఆరుబయట వేలాడుతుంది కాబట్టి సైలెన్సర్ అతుకుల్లోంచి కాస్త పొగ కారినా ఎవరికీ పట్టదు. పడవలో అదే గొట్టం నేను పడుకునే చోటికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. అందుకే పడవల కోసమే చేసిన, అతుకుల్లో లీకు లేని స్టీలు సైలెన్సర్, గొట్టం వేడి చుట్టుపక్కల తగలకుండా దానికి చుట్టే పట్టీ, ఇంకో కార్బన్ మోనాక్సైడ్ అలారం కొన్నా. కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ ట్యాంకు, మెత్తటి ఆకుపచ్చ పైపు డస్ట్‌బిన్‌లోకి పోయాయి. ఇవన్నీ కలిపితే హీటర్ కన్నా ఎక్కువైంది, 130 పౌండ్లు అనే మాట నమ్మి బడ్జెట్ వేసుకోకండి.

ఇక అసలు కథ. మొదటి జనవరి, రాత్రి రెండు గంటలప్పుడు టిక్ టిక్ ఆగిపోయి మెలకువ వచ్చింది. స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్. మళ్లీ ఆన్ చేస్తే తెల్లటి పొగ, దగ్గు, మళ్లీ అదే కోడ్. ముందు బ్యాటరీని అనుమానించా. అంటించేటప్పుడు గ్లో ప్లగ్ పది ఆంపియర్ల దాకా లాగుతుంది, బ్యాటరీ నీరసంగా ఉంటే హీటర్ మొరాయిస్తుంది. కానీ వోల్టేజీ బాగానే ఉంది. తెల్లారాక బర్నర్ విప్పితే గ్లో ప్లగ్ చుట్టూ ఉండే సన్నటి జల్లెడ మొత్తం మసి పట్టి మూసుకుపోయింది. చిన్నప్పుడు ఇంట్లో పంపు స్టవ్వు మంట పచ్చగా తిరిగితే అమ్మ పిన్ను పెట్టి పొడిచేది, అచ్చం అదే జబ్బు.

జల్లెడ మార్చా. పది రోజులకి మళ్లీ అదే. అప్పుడొచ్చింది బుద్ధి. ఖాళీ అయిన ఆవకాయ సీసా కడిగి, చేతి పంపు గొట్టం పడవ డీజిల్ ట్యాంకు అడుగుదాకా దించి ఒక సీసాడు తోడి కిటికీ దగ్గర పెట్టా. పావుగంటలో మూడు పొరలుగా తేరుకుంది. పైన ఎర్ర డీజిల్ (సుంకం తక్కువని గుర్తుకి రంగు కలిపి అమ్మేది), అట్టడుగున రెండు వేళ్ల మందం నీళ్లు, ఆ రెండింటి మధ్యలో నల్లగా, చీమిడిలా సాగే జిగురు. దీన్నే ఇక్కడ డీజిల్ బగ్ అంటారు. నీళ్లూ డీజిలూ కలిసే చోట బతికే సూక్ష్మజీవులు, నీళ్లు లేకపోతే వాటికి బతుకు లేదు.

నీళ్లెక్కడివి అంటే తప్పు సగం నాది. డీజిల్ పోసే మూత కింద రబ్బరు రింగు ఎండి పగిలిపోయింది, వాన పడ్డప్పుడల్లా లోపలికి పోయింది. పైగా వేసవంతా ట్యాంకు సగమే ఉంచా, ఖాళీ సగంలో గాలి రాత్రికి చల్లబడి గోడల మీద చెమట పట్టి కిందికి జారింది. మిగతా సగం తప్పు ఒక మెరీనాది (పడవలు ఆగే రేవు), పేరెందుకులెండి. లీటరుకి కొన్ని పెన్నీలు తక్కువని జులైలో అక్కడే నింపా. అక్కడ ఆగే పడవలే తక్కువ, వాళ్ల ట్యాంకులో ఆ సరుకు ఎన్నాళ్లుగా మూలుగుతోందో. జులైలో కొన్నది వేసవి గ్రేడ్ కూడా. గట్టి చలికి అందులో మైనం పేరుకుని ఫిల్టర్‌ని పట్టేస్తుంది, అంటే జనవరి కష్టాన్ని జులైలోనే డబ్బులిచ్చి కొనుక్కున్నానన్నమాట.

ట్యాంకులోది మొత్తం తోడి, ఫిల్టర్ల గుండా తిప్పి తిరిగి పోసే ఫ్యూయెల్ పాలిషింగ్ వాళ్లని పిలిచి, తర్వాత బయోసైడ్ అనే బగ్‌ని చంపే మందు కలిపా. ఒక హెచ్చరిక. మందు పడ్డాక చచ్చిన బగ్ అంతా ఫిల్టర్‌లోకే వస్తుంది, స్పేర్ ఫిల్టర్లు రెండు చేతిలో లేకుండా ఆ పని మొదలుపెట్టకండి.

ఇప్పుడు ఏ డీజిల్ అంటే, నా ఓటు రంగు కలిపిన ఎర్ర డీజిల్‌కే. 2022 ఏప్రిల్‌లో చాలా రంగాలకి దాన్ని ఆపేశారు గానీ ఇంగ్లండ్‌లో పడవలవాళ్లకి ఉంచారు. కొనేటప్పుడు ఇంజిన్‌కెంత, వేడికెంత అని మనమే రాసివ్వాలి. వేడి వాటా మీద సుంకం తక్కువ. అలవాటుగా అందరూ 60:40 అంటారు, మీ వాడకం వేరైతే వేరే అంకె చెప్పాలి. రోడ్డు బంకుల్లో దొరికే బీ7లో 7 శాతం దాకా బయోడీజిల్ ఉండొచ్చు, అది తేమని పీల్చుకుంటుంది. కారులో వారంలో అయిపోతుంది కాబట్టి ఫర్వాలేదు, పడవ ట్యాంకులో ఆర్నెల్లు కూర్చుంటే మాత్రం బగ్‌కి విందు. ఎర్ర డీజిల్‌లోనూ అది ఉండొచ్చు, అందుకే "ఫేమ్ లేనిదేనా?" (ఇక్కడ బయోడీజిల్‌ని ఫేమ్ అంటారు) అని అడిగి మరీ కొంటున్నా. హెచ్‌వీఓ అని వాడిన వంటనూనెల్లాంటి వాటితో చేసే డీజిల్ ఒకటుంది, ఒక డబ్బా వాడి చూశా. వాసన దాదాపు లేదు, మసి తక్కువ, నిల్వకి మంచిది, ధర వినగానే మాత్రం చలి వేసింది. కిరోసిన్ పోస్తే బర్నర్ శుభ్రంగా ఉంటుందని పక్క పడవాయన అంటాడు. నిజమే గానీ దానికి డీజిల్‌కున్న జిడ్డు లేదు, పంపు అరుగుతుందని నాకు భయం, పోయలేదు.

కొనేది ఇప్పుడు కాలువ మీద తిరిగే ఫ్యూయెల్ బోట్ దగ్గరే. డీజిలు, బొగ్గు, గ్యాసు పడవ పక్కకే తెచ్చి ఇస్తారు, చలికాలంలో సరుకు చకచకా అమ్ముడైపోతుంది కాబట్టి పాతబడే ఛాన్స్ తక్కువ. దీనికి మాత్రం ఐదుకి ఐదు.

హీటర్‌ని రాత్రంతా సన్న మంట మీద వదిలేయడం కూడా మానేశా, సగం కాలి మసి పట్టేది అప్పుడే. రోజూ ఆపేముందు ఇరవై నిమిషాలు ఫుల్లు మీద పెడతా. ఆపాక ఫ్యాన్ దానంతటది ఆగేదాకా మెయిన్ స్విచ్ జోలికి పోను. రెండో చలికాలంలో ఒక్కసారి కూడా విప్పలేదు.

మొన్న అక్టోబరులో తోడిన సీసా ఇంకా కిటికీ దగ్గరే ఉంది, అడుగుదాకా ఒకటే ఎరుపు. వీడియో కాల్‌లో అమ్మ చూసి గులాబీ షర్బత్తా అంది. డీజిల్ అని చెప్పా. "నేను పంపిన ఆవకాయ సీసాలోనా?" అంది, ఆ తర్వాత పది నిమిషాలు నాకు హీటర్ అవసరం పడలేదు.