పుదీనా పాకెట్‌లో సబ్జా గింజలు పోసి అంటగట్టారు

బాల్కనీలో కుండీలు పెట్టుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా. ఆన్‌లైన్‌లో "కిచెన్ గార్డెన్ కిట్" అని పది రకాల విత్తన పాకెట్లు, ఒక కోకోపీట్ (మట్టిలో కలిపే కొబ్బరి పొట్టు) ఇటుక కలిపి అమ్ముతున్నారే, దాని జోలికి వెళ్ళకండి. 499 పెట్టి కొన్నాను, రెండు నెలలు నీళ్ళు పోశాను, కూరలోకి ఒక్క రెబ్బ రాలేదు.

పుదీనా అని రాసిన పాకెట్‌లోవి మొలిచాయి, అబద్ధం చెప్పను. కానీ ఆకు నలిపితే పుదీనా వాసనే లేదు, తులసి తులసిగా ఉంది. అనుమానమొచ్చి మిగిలిన గింజలు గిన్నెడు నీళ్ళలో వేస్తే ఐదు నిమిషాల్లో చుట్టూ తెల్లటి జిగురు పట్టి ఉబ్బిపోయాయి. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే సబ్జా! అసలు పుదీనా గింజ దుమ్ములా సన్నగా ఉంటుంది, అయినా పుదీనాని గింజలతో ఎవరు పెంచుతారండీ, రైతు బజార్‌లో కట్ట తెచ్చి ఆకులు పచ్చడికి దూసుకుని ముదురు కాడలు గ్లాసు నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో వేర్లొస్తాయి. ఈ మాట నాకు కొనకముందు తట్టలేదు, అది నా ఖర్మ.

కరివేపాకుది ఇంకా ఘోరం. ఎండి ముడుచుకుపోయిన గింజలు ఎనిమిది, ఎనిమిదీ మట్టిలోనే కుళ్ళాయి. పక్కింటి పిన్నిగారికి చూపిస్తే నవ్వారు. పండు నల్లబడగానే కోసి, గుజ్జు కడిగేసి వెంటనే నాటాలట, ఎండబెట్టి దాస్తే కరివేపాకు గింజ చచ్చిపోతుందట. అలాంటిది పాకెట్‌లో పోసి నెలల తరబడి గోడౌన్‌లో పెట్టి అమ్మడమేంటి! ఆవిడే వాళ్ళ చెట్టు మొదట్లో లేచిన పిలక ఒకటి వేరుతో సహా తవ్వి ఇచ్చారు, ఇప్పుడు నా కుండీలో ఉన్నది అదే.

నాకు నిజంగా ఒళ్ళు మండింది మాత్రం కొత్తిమీర దగ్గర. ధనియాలు గులాబీ రంగులో ఉన్నాయి, పట్టుకుంటే వేళ్ళకి అంటుకుంది. అంటే బూజు పట్టకుండా మందు పట్టించిన విత్తనం. తినకూడదని తెలియడానికే ఆ రంగు వేస్తారు, మందు పట్టించామని, అది ఏ మందో పాకెట్ మీద రాయాలి కూడా. వీళ్ళు రాయలేదు. లాట్ నంబరు లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు, మొలక శాతం లేదు. నాటగా మిగిలినవి గట్టు మీద పెడితే మా అత్తగారు ధనియాల డబ్బాలో పోయబోయారు, సరిగ్గా ఆ టైమ్‌కి నేను వంటింట్లోకి వచ్చాను కాబట్టి సరిపోయింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "నీళ్ళు ఎక్కువ పోసుంటారు మేడమ్" అని ఒకటే పాట. రిటర్న్ గడువు ఏడు రోజులట. కొత్తిమీర మొలవడానికే వారం పది రోజులు పడుతుంది, ఇక ఏడు రోజుల్లో ఏం తెలుస్తుంది?

మీరు ఇప్పటికే కొనుంటే పాకెట్లు పారేయకండి, ముందూ వెనకా ఫొటోలు తీసి బిల్లుతో కలిపి ఉంచండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, డాకెట్ నంబరు ఇచ్చారు, ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.