హాగ్లోఫ్ ఇంక్రిమెంట్ బోరర్: మాను లోపలి గట్టిదనం చూసే చేతి బర్మా

స్వీడన్ కంపెనీ హాగ్లోఫ్ చేసే ఈ బోరర్ పనితనానికి వంక పెట్టలేం. అయితే చెట్టు బాగుందా పుచ్చిందా అని చూసేటప్పుడు ఇది అన్నిటికంటే చివర్న తీయాల్సిన పనిముట్టు. ఎందుకంటే ఇది చేసే ప్రతి రంధ్రమూ చెట్టుకు గాయమే.

ఉండేవి మూడు భాగాలు: బోలుగా ఉండే ఉక్కు బిట్టు, పిడి, కోర్‌ను, అంటే బిట్టు బోలులోకి చేరే పుల్లలాంటి చెక్కను, బయటికి లాగే సన్నటి రేకు. పనయ్యాక బిట్టు, రేకు రెండూ పిడిలోనే ఇమిడిపోతాయి. కోర్ మందం 4.3 మి.మీ., 5.15 మి.మీ. రకాలు ఎక్కువగా దొరుకుతాయి. పుచ్చు చూడ్డానికి 5.15 మేలు, సన్నటి కోర్ త్వరగా ముక్కలవుతుంది. మరల (బిట్టు మొన చుట్టూ ఉండే స్క్రూ మెలికల) విషయం ఇంకా ముఖ్యం. మూడు మరల బిట్టు ఒక్కో చుట్టుకు ఎక్కువ లోతు దిగుతుంది, మెత్తటి కలపకు సరిపోతుంది. చింత, వేప, టేకు లాంటి మన చెట్లకు రెండు మరలదే తీసుకోండి. నిదానంగా దిగినా తిప్పడానికి బలం తక్కువ పడుతుంది. ఎర్రచందనం లాంటి బరువైన చేవలో మాత్రం ఏ బిట్టయినా విరిగే ప్రమాదం ఉంది.

ముందు చెక్కసుత్తితో మాను చుట్టూ తట్టి వినాలి. కోర్‌లోని ఏటేటి వలయాలు లెక్కపెట్టి చెట్టు వయసు చూడ్డానికైతే రొమ్ము ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర దింపుతారు. పుచ్చు కోసమైతే డొల్ల శబ్దం వచ్చిన చోటే దింపాలి, అది తరచూ మొదలు దగ్గర ఉంటుంది. బిట్టు మొనను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, మరలకు తేనెమైనం రాసి, మానుకు లంబంగా ఆనించి నొక్కుతూ కుడివైపు తిప్పాలి. మరలు పట్టాక నొక్కక్కర్లేదు. కావలసిన లోతు దిగాక రేకును, గుంటగా వంగిన వైపు కిందికి ఉండేలా, చివరిదాకా దూర్చి బోరర్‌ను అర చుట్టు వెనక్కి తిప్పాలి. కోర్ తెగి రేకు మీదికి వస్తుంది. రేకు లాగిన వెంటనే బిట్టునూ తీసేయండి. ఆలస్యమైతే చెక్క బిగిసి పట్టేస్తుంది.

చేతికి తగిలే బిగువును గమనిస్తూ తిప్పాలి. అది ఒక్కసారిగా తగ్గిందంటే పుచ్చు మొదలైనట్టే. అక్కడితో ఆపేయండి. దీనికి రెండు కారణాలున్నాయి. పుచ్చిన చెక్కలో మరలకు పట్టు దొరకదు, వెనక్కి తిప్పినా బిట్టు ఉన్నచోటే తిరుగుతుంది. అప్పుడు పిడికి తాడు కట్టి ఒకరు లాగుతుంటే మరొకరు తిప్పాలి, సుత్తితో కొడితే బిట్టు వంగిపోతుంది. రెండో కారణం చెట్టుకు సంబంధించింది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో చూపించినట్టు చెట్టు పుచ్చును మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఆ గోడను మనం పొడిస్తే లోపలి బూజు గట్టి చెక్కలోకి దారి చూసుకుంటుంది.

దొరికిన కోర్‌లో బెరడు వదిలేసి గట్టి చెక్క ఎంతుందో కొలవాలి. జర్మనీకి చెందిన క్లాస్ మాథెక్ లెక్క ప్రకారం గట్టి గోడ మందం వ్యాసార్ధంలో 0.3 వంతుకు తగ్గకూడదు. 60 సెం.మీ. వ్యాసం ఉన్న మానుకు అది 9 సెం.మీ. తొర్రకు బయటికి నోరు తెరుచుకుని ఉంటే ఈ లెక్క చాలదు. ఒక్క కోర్ ఒక్క వైపు సంగతే చెబుతుంది, అవతలి వైపు గోడ పల్చగా ఉండొచ్చు. టేకులో వలయాలు స్పష్టంగా ఉంటాయి కాబట్టి ఇటీవలి ఏళ్లలో ఎదుగుదల మందగించిందా అన్నదీ తెలుస్తుంది. వేప, చింతల్లో ఆ ఆశ పెట్టుకోవద్దు.

రోడ్డు పక్క చెట్లలో బోర్డులకు కొట్టిన మేకులు బెరడు కింద దాగి ఉంటాయి. ఒక్కటి తగిలినా మొన అంచు పోతుంది. కోర్ మెలితిరిగి ముక్కలుగా వస్తుంటే మొన మొద్దుబారిందని అర్థం. గ్రైండర్ పెట్టొద్దు, వేడికి ఉక్కు పదును నిలవదు. సన్నటి సానరాయితో చేత్తోనే పట్టాలి. వాడిన ప్రతిసారీ గొట్టం లోపల నూనె గుడ్డతో తుడవకపోతే చెక్క రసానికి తుప్పు పడుతుంది.

చెట్టుకు చేసిన రంధ్రంలో మైనం, సిమెంటు, కర్రముక్క ఏదీ కూరొద్దు. కోర్‌ను కాగితపు స్ట్రాలో పెట్టి, చెట్టు పేరు, కోర్ తీసిన ఎత్తు, దిక్కు పైన రాయండి. ప్లాస్టిక్‌లో పెడితే బూజు పడుతుంది, అది చెట్టులోని పుచ్చో తర్వాత పట్టిన బూజో తేల్చుకోవడం కష్టమవుతుంది.