ట్రాక్ లేకుండా పాడేవాళ్లకి ఈ చిన్న ఆంప్ సరిపోతుందా? - ఫిష్‌మ్యాన్ లౌడ్‌బాక్స్ మినీ రివ్యూ

ఈ రివ్యూ ఒక రకం వాళ్ల కోసమే రాస్తున్నా. అకూస్టిక్ గిటార్ ఒకటి, మైక్ ఒకటి పెట్టుకుని, వెనకాల ముందే రికార్డు చేసిన డ్రమ్స్ ట్రాకో బేస్ ట్రాకో ఏదీ నడపకుండా, అప్పటికప్పుడు చేతిలోంచీ గొంతులోంచీ వచ్చిందే జనానికి వినిపించాలనుకునేవాళ్ల కోసం. ట్రాక్ మీద పాడేవాళ్లకి కావాల్సిన స్పీకర్ వేరు, వాళ్లు చూసుకోవాల్సినవీ వేరు. ఈ ఆంప్ (అంటే గిటార్, మైక్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా వాట్లు, బ్లూటూత్, బరువు చెప్పి ఊరుకుంటారు. ఒక్కరే వాయిస్తూ పాడుతున్నప్పుడు ఇది ఎంతవరకు సాయం చేస్తుందనే సంగతి పెద్దగా ఎత్తరు. నేను దీన్ని చాలాకాలంగా ఇంట్లో ప్రాక్టీస్‌కీ, బయట చిన్న ప్రోగ్రాములకీ వాడుతున్నా. గిటార్‌నీ గొంతునీ ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కన నిలబెట్టడం దీనికి బాగా వచ్చు, నాకు నచ్చింది అందుకే.

వివరాలు త్వరగా చెప్పేస్తా. 60 వాట్లు, ఆరున్నర అంగుళాల వూఫర్ (కింది స్వరాల స్పీకర్), ఒక అంగుళం ట్వీటర్ (పై స్వరాల స్పీకర్), బరువు దాదాపు 9 కిలోలు. ఒక చేత్తో ఆంప్, భుజానికి గిటార్ బ్యాగ్ వేసుకుని మెట్లు ఎక్కేయొచ్చు. రెండు ఛానెళ్లు ఉన్నాయి. మొదటిది గిటార్‌కి, దాంట్లో గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్ ఎంత పెంచాలో చూసేది), కింది, మధ్య, పై శబ్దాలకి లో, మిడ్, హై అని మూడు నాబ్‌లు, రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని), కోరస్ (ఒక గిటార్ రెండు మూడు గిటార్లలా అనిపించేది), ఒక ఫేజ్ బటన్. రెండోది మైక్‌కి, దాంట్లో గెయిన్, లో, హై, రివర్బ్ మాత్రమే. చివర్లో మొత్తానికి ఒక మాస్టర్ వాల్యూమ్. అంతే. మెనూలు లేవు, స్క్రీన్ లేదు, గుర్తు పెట్టుకోవాల్సిన ప్రీసెట్లు లేవు. పాడుతూ పాడుతూ పల్లవికీ చరణానికీ మధ్య చెయ్యి చాపి ఏ నాబ్ అయినా తిప్పుకోవచ్చు, ఒంటరిగా స్టేజీ మీద ఉన్నవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే మన తరఫున మిక్సర్ దగ్గర కూర్చునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇప్పుడు అసలు సంగతి. ట్రాక్ తీసేసిన క్షణం నుంచి పాటలో బోలెడంత ఖాళీ కనిపిస్తుంది. కిక్ డ్రమ్ కొట్టాల్సిన చోటు ఖాళీ, బేస్ గిటార్ నడవాల్సిన చోటు ఖాళీ. ఆ ఖాళీ చూసి భయపడి చాలామంది చేసే పని ఒకటే, స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి వాయించడం) గట్టిగా బాదడం, ఆంప్‌లో లో నాబ్ బాగా పైకి తిప్పడం. దాంతో బేస్ గిటార్ లోటేమీ తీరదు, గది మొత్తం గుమ్ముగా అయిపోయి పాట మాటలు వినపడకుండా పోతాయి. గిటార్ ఆరో తీగ (అన్నిటికంటే లావుది) ఎక్కడా నొక్కకుండా ఓపెన్‌గా మీటితే 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గిటార్ బాడీ లోపలున్న గాలి సహజంగా స్పందించేది ఇంచుమించు 100 హెర్ట్జ్ దగ్గర, అంటే ఆరో తీగ మీద మూడో ఫ్రెట్‌కీ ఐదో ఫ్రెట్‌కీ (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది అడ్డగడి) మధ్య ప్రాంతం. ఆంప్‌లోంచి వచ్చే బేస్ శబ్దం గిటార్ బాడీని కదిలిస్తుంది, ఆ కదలిక మళ్లీ పికప్‌లోంచి (గిటార్ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) ఆంప్‌లోకి వెళ్తుంది, అలా తిరిగి తిరిగి చివరికి ఊళ పెడుతుంది. లో నాబ్ ఎంత పెంచితే అది అంత తొందరగా వస్తుంది.

ఇక్కడే ఆ ఫేజ్ బటన్ పనికొస్తుంది. అది సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది, అంతకంటే ఏమీ చేయదు. స్పీకర్ ముందుకు తోసే సమయంలో ఇప్పుడు వెనక్కి లాగుతుంది కాబట్టి గిటార్ బాడీకి అందే తోపుడు, పికప్ నుంచి వచ్చేది ఒకదానికొకటి కలిసి పెరిగే బదులు తగ్గే అవకాశం ఉంటుంది. ఏ వైపు నొక్కితే మంచిదనేది మనం నిలబడిన చోటుని బట్టి మారుతుంది, అందుకే దీనికి ఖాయమైన సమాధానం ఉండదు. సౌండ్‌చెక్‌లో పాడబోయే చోటే నిలబడి, వాల్యూమ్ కొంచెం ఎక్కువే పెట్టి, ఐదో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఒక్కటే మీటి వదిలేసి వినండి. శబ్దం తగ్గకుండా పెరుగుతూ పోతుంటే బటన్ నొక్కి మళ్లీ మీటండి. రెండింట్లో ఏది త్వరగా ఆరిపోతే అది ఉంచుకోండి. అయినా ఆగకపోతే సౌండ్‌హోల్‌కి (గిటార్ ముందున్న గుండ్రటి రంధ్రం) రబ్బరు మూత పెట్టడం ఇంకో దారి, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇక మిడ్ నాబ్. ఈ ఆంప్‌లో నేను అన్నిటికంటే ఎక్కువ వాడేది ఇదే. బ్రిడ్జి (తీగలు బాడీకి ఆనే చోటు) కింద ఉండి ఒత్తిడిని సిగ్నల్‌గా మార్చే పీజో పికప్‌లతో గిటార్ శబ్దం కొంచెం గరుగ్గా, ప్లాస్టిక్‌లాగా వస్తుందని అందరికీ తెలిసిందే. దానికి తోడు గిటార్ మధ్యస్థాయి శబ్దమూ మనిషి గొంతూ ఒకే ఇరుకు గదిలో ఉంటాయి, రెండూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అర్థం కాదు. నేను చేసే పద్ధతి చెప్తా. అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టి, కిందికి కొట్టే స్ట్రోకులతో పాట పల్లవి నెమ్మదిగా పాడతా. పాడుతూనే ఎడమచెయ్యి ఖాళీ అయినప్పుడల్లా, ఓపెన్ తీగలు మోగుతుండగా, మిడ్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతా. ఒక దగ్గర పాటలో 'క', 'త', 'ప' లాంటి అక్షరాలు ఉన్నట్టుండి విడిగా, స్పష్టంగా వినపడటం మొదలవుతుంది. అక్కడ ఆగి, ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పుతా, మరీ తగ్గిస్తే గిటార్ పీలగా అయిపోయి ట్రాక్ లేని లోటు ఇంకా ఎక్కువ తెలుస్తుంది కాబట్టి. ఈ ఆంప్‌లో ఆ నాబ్ తిరుగుతున్నంతసేపూ మార్పు సాఫీగా వస్తుంది, ఒక్కసారిగా దూకదు. మైక్ ఛానెల్‌లో మాత్రం మిడ్ నాబ్ లేదు, ఉంటే బాగుండేది. కానీ గిటార్ వైపే చోటు చేసేసుకుంటే గొంతు వైపు పెద్దగా ముట్టుకోవాల్సిన అవసరం రాదు. పెదాలు మైక్‌కి బాగా దగ్గరగా పెట్టి పాడే అలవాటుంటే బేస్ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు ఆ ఛానెల్‌లో లో నాబ్ కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది.

మైక్ విషయం వచ్చింది కాబట్టి, కొనేముందు తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి: దీంట్లో ఫాంటమ్ పవర్ (కొన్ని మైక్‌లకి కేబుల్‌లోంచే ఇచ్చే కరెంటు) లేదు. కండెన్సర్ మైక్ ముందు నిలబడి పాడుదామనుకుంటే విడిగా సప్లై కొనుక్కోవాలి. డైనమిక్ మైక్‌కి ఆ కరెంటు అక్కర్లేదు కాబట్టి గొడవే లేదు. నేను షూర్ ఎస్ఎం58 వాడతా, 1966లో వచ్చిన మోడల్, ఇప్పటికీ ఏ స్టేజీ మీద చూసినా అదే కనిపిస్తుంది. దాని వెనక వైపు నుంచి వచ్చే శబ్దాన్ని అది చాలా తక్కువగా పట్టుకుంటుంది, ఆంప్ ఎక్కడ పెట్టాలన్నది దీన్ని బట్టే తేలుతుంది. చాలామంది ఆంప్‌ని తమ వెనకాల పెట్టుకుంటారు, ఎలక్ట్రిక్ గిటార్ బ్యాండ్లలో చూసి. అప్పుడు మైక్ మన నోటి వైపు చూస్తూ మన వెనకున్న ఆంప్‌నీ చూస్తుంటుంది, ఇక కూత రాక ఏమవుతుంది. దీన్ని పక్కన, మైక్ స్టాండ్ వరసలో గానీ కొంచెం ముందుకి గానీ పెట్టి, కాస్త మన వైపు తిప్పితే మనకీ వినపడుతుంది, జనానికీ వినపడుతుంది. నేల మీద పెట్టొద్దు. నేల వల్ల బేస్ ఉబ్బుతుంది, ట్వీటర్ శబ్దం ముందు వరసలో వాళ్ల మోకాళ్లకి వెళ్తుంది. కుర్చీ మీదో బల్ల మీదో నడుము ఎత్తులో పెడితే చాలు, అదే ఆంప్ మారిపోయినట్టు ఉంటుంది.

సౌండ్ ఎంత వస్తుంది అనేది అందరూ అడిగే ప్రశ్న. మాట్లాడకుండా వినే జనం ఉన్న మామూలు హాలుకి హాయిగా సరిపోతుంది. గ్లాసుల చప్పుడు, కబుర్లు ఉన్న చోట ముందు సగానికే అందుతుంది. ఆరుబయట అయితే ఇంకా తక్కువ, దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, పట్టి ఉంచడానికి గోడలు కూడా ఉండవు. అలాగని వెంటనే 120 వాట్ల లౌడ్‌బాక్స్ ఆర్టిస్ట్ వైపు పరుగెత్తకండి, వాట్లు రెట్టింపు అయినంత మాత్రాన పెరిగేది 3 డెసిబెల్సే. ఆర్టిస్ట్‌లో 8 అంగుళాల వూఫర్ ఉంది కాబట్టి కింది స్వరాలు ఇంకొంచెం నిండుగా ఉంటాయి, తేడా అసలు అక్కడ. బొటనవేలితో బేస్ నడిపిస్తూ, ఆరో తీగని డి స్వరానికి దించుకుని వాయించేవాళ్లకి ఆ నిండుదనం పనికొస్తుంది, ఎందుకంటే ట్రాక్ లేనప్పుడు ఆ బొటనవేలే మీ బేస్ గిటారిస్టు. మినీలో 73 హెర్ట్జ్ దగ్గరుండే ఆ డి వినపడుతుంది గానీ ఛాతీకి తగలదు. నేనైతే దానికి తగ్గట్టు వాయించే పద్ధతే మార్చుకున్నా, కింది తీగ మోగగానే అరచేతి అంచుతో కొంచెం ఆపేస్తే ఆ స్వరం పొట్టిగా, గట్టిగా తగులుతుంది, లయ నిలబడుతుంది.

రివర్బ్ బాగుంది. గొంతుకి కొంచెం, గిటార్‌కి అంతకంటే తక్కువ వేస్తే రెండూ ఒకే గదిలో ఉన్నట్టు అనిపిస్తాయి. కోరస్ నేను వాడను, ఒకే గిటార్ ఉన్నప్పుడు దాని కొస పదునుగా ఉండటమే ముఖ్యం, కోరస్ ఆ పదునుని మొద్దుబార్చేస్తుంది.

ఇక ఆక్స్ ఇన్‌పుట్ (ఫోన్ లాంటివి కేబుల్‌తో కలిపే చోటు), కొత్త మోడల్‌లో అయితే బ్లూటూత్. ఫోన్ కలిపేసి ట్రాక్ పెట్టుకుని పాడేయొచ్చని దీన్ని పెద్ద సుగుణంగా చెప్తారు. చెడ్డదేం కాదు, మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ఏదో సంగీతం నడపడానికి బాగానే ఉంటుంది. కానీ పాట పాడేటప్పుడు దాని జోలికి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. ఆ రోజు గొంతు పట్టేసింది అనుకోండి, కేపో (శృతి పెంచడానికి గిటార్ మెడకి బిగించే క్లిప్) తీసేసి ఒక మెట్టు కిందికి దిగి పాడేస్తా, ట్రాక్ ఉంటే దాని శృతికి నేను కట్టుబడి ఉండాలి. చరణం మధ్యలో ముందు వరసలో ఎవరో కళ్లు మూసుకుని వింటున్నారనిపిస్తే ఆ లైను ఇంకోసారి పాడతా, ఈసారి నెమ్మదిగా. జనం చప్పట్లతో తాళం వేయడం మొదలుపెడితే వాళ్ల వేగానికి నేను వెళ్తా, లేదా వాళ్లని నా వేగానికి లాక్కొస్తా. ట్రాక్‌కి ఇవేమీ తెలియవు, అది మొదలైన చోట మొదలై ఆగాల్సిన చోట ఆగుతుంది. లూప్ పెడల్ సంగతి కొంచెం వేరు, అది అక్కడికక్కడ వాయించిందే తిరిగి వినిపిస్తుంది కాబట్టి నాకు దాని మీద గౌరవం ఉంది. అయినా లూప్ మొదలైన తర్వాత లయ మన చేతిలోంచి జారిపోతుంది, అది ఒప్పుకుని వాడాలి.

ఇలా పాడేటప్పుడు ఆంప్ నుంచి కావాల్సింది నెమ్మదిగా వాయించినా వినపడటం, గట్టిగా వాయించినా చిట్లకపోవడం. ఈ రెండింటి మధ్య దూరమే మన దగ్గరున్న డ్రమ్స్. పల్లవి వేళ్ల కొసలతో మీటి, చరణం ఆఖర్లో పూర్తిగా స్ట్రమ్ చేస్తే వినేవాళ్లకి ఒక బ్యాండ్ వచ్చి కలిసినట్టే ఉంటుంది, అయితే ఆ తేడాని ఆంప్ మింగేయకూడదు. మినీ మింగదు. కాకపోతే గెయిన్ సరిగ్గా పెట్టుకోవాలి: పాటలో మీరు ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయిస్తూ గెయిన్ పెంచండి, శబ్దం గీరుకుపోవడం మొదలైన దగ్గర నుంచి కొంచెం వెనక్కి వచ్చి ఆపండి, మిగతాదంతా మాస్టర్‌తో చూసుకోండి. మెత్తగా వాయిస్తూ గెయిన్ పెట్టుకుంటే ప్రోగ్రాంలో ఉత్సాహం వచ్చినప్పుడు పగిలిపోతుంది.

పెద్ద హాలులో అయితే వెనకున్న డీఐ అవుట్‌కి (సిగ్నల్‌ని బయటి సౌండ్ సిస్టమ్‌కి పంపే చోటు) ఒక ఎక్స్ఎల్ఆర్ కేబుల్ (మైక్‌లకి వాడే మూడు పిన్నుల కేబుల్) తగిలించి హాలు సౌండ్ సిస్టమ్‌కి ఇచ్చేస్తే గిటార్, గొంతు రెండూ కలిసి ఒకే కేబుల్‌లో వెళ్తాయి. మీ పక్కన ఉన్న ఆంప్ అప్పుడు మీకు మానిటర్ అవుతుంది. సౌండ్ ఇంజనీర్‌కి గొంతు విడిగా కావాలంటే మాత్రం మైక్ నేరుగా వాళ్లకే ఇవ్వాలి, ఆ మాట ముందే మాట్లాడుకోండి. సౌండ్‌చెక్ అయిపోయాక అడిగితే ఎవరికైనా చిరాకే.

కరెంటు లేని చోట్ల పాడేవాళ్లకి మినీ ఛార్జ్ అని బ్యాటరీతో నడిచే మోడల్ ఉంది. మాటలు వినపడేంత సౌండ్‌లో 18 గంటల దాకా, పూర్తి సౌండ్ పెడితే 4 గంటల దాకా వస్తుందని కంపెనీ చెప్తుంది. ఎప్పుడూ ప్లగ్ పాయింట్ దొరికే చోటే పాడతారంటే మామూలుదే చాలు. డ్రమ్మరో గట్టిగా కొట్టే కహోన్ (మీద కూర్చుని చేత్తో కొట్టే చెక్క పెట్టె) వాయించేవాళ్లో పక్కన ఉంటే మాత్రం మినీ కొనొద్దు, దాని కింద మీ గిటార్ మునిగిపోతుంది.

కొనడానికి వెళ్లినప్పుడు అక్కడున్న గిటార్‌తో విని నిర్ణయించుకోవద్దు, మీ గిటారే పట్టుకెళ్లండి. మీ పికప్ స్వభావం వేరు, అది ఈ మిడ్ నాబ్‌తో ఎలా ఉంటుందన్నదే మీకు కావాలి. వెళ్లేముందు గిటార్ ప్రీఆంప్‌లో (పికప్ సిగ్నల్‌ని పెంచే, గిటార్ లోపలి సర్క్యూట్) 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేయండి. చాలా గిటార్లలో కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, నీరసించిన బ్యాటరీతో ఏ ఆంప్ విన్నా గరగరమనే వినపడుతుంది.