బెర్లిన్‌లో గాజు డోమ్ చూసినవాళ్లు బుండెస్‌రాట్ టూర్ కూడా చూసి రండి

బెర్లిన్ వచ్చిన మనవాళ్లు దాదాపు అందరూ రైష్‌టాగ్ అనే పార్లమెంటు బిల్డింగ్ మీద గాజు డోమ్ ఎక్కి ఫొటోలు దిగి వెళ్లిపోతారు, మొదటిసారి మేమూ అంతే. ఈసారి అమ్మానాన్న వచ్చారు కదా అని డోమ్‌తో పాటు బుండెస్‌రాట్, అంటే జర్మనీ రాష్ట్రాల సభ, దాని టూర్ కూడా బుక్ చేశాను. రెండూ ఫ్రీ, రెండింటికీ ముందే ఆన్‌లైన్‌లో పేర్లు ఇవ్వాలి, పాస్‌పోర్టు తప్పకుండా చేతిలో ఉండాలి.

డోమ్ గురించి ఎక్కువ చెప్పను, బాగుంటుంది, లిఫ్టులో పైకెళ్లి అక్కడి నుంచి మెలికలు తిరిగే ర్యాంపు మీద నడుచుకుంటూ ఎక్కడమే, మెట్లు లేవు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా మెల్లగా ఎక్కేసింది. పైనుంచి కిందకి చూస్తే పార్లమెంటు హాలు కనిపిస్తుంది, పైన జనం నడుస్తుంటే కింద ఎంపీలు కూర్చుంటారన్నమాట, ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఆడియో గైడ్ కూడా ఫ్రీనే కానీ అందులో బిల్డింగ్ గురించి, చుట్టుపక్కల కనిపించేవాటి గురించే ఎక్కువ, దేశం ఎలా నడుస్తుందో అర్థం కావాలంటే అది సరిపోదు.

దానికి లైప్‌జిగర్ వీధిలో ఉన్న బుండెస్‌రాట్‌కే వెళ్లాలి. ఒకప్పుడు ప్రష్యా రాజ్యం ఎగువసభ ఉన్న బిల్డింగ్ అది, 2000లో బుండెస్‌రాట్ పాత రాజధాని బాన్ నుంచి ఇక్కడికి వచ్చింది. హాల్లో గోడ మీద 16 రాష్ట్రాల చిహ్నాలు వరసగా ఉంటాయి. మా టూర్ జర్మన్‌లో జరిగింది, నేను పక్కన నిలబడి మెల్లగా తెలుగులో చెప్తున్నా. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, లోపలికి అడుగుపెట్టగానే "ఏరా, ఇది మన రాజ్యసభ లాంటిదేనా" అన్నారు. కాదని గైడ్ ఆవిడ చెప్పిన తీరు భలే ఉంది. ఇక్కడ కూర్చునేది ఎన్నికైన ఎంపీలు కాదు, రాష్ట్ర ముఖ్యమంత్రులూ మంత్రులే. మొత్తం 69 ఓట్లు, జనాభాని బట్టి రాష్ట్రానికి 3 నుంచి 6. కోటీ ఎనభై లక్షల మంది ఉన్న నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాకి 6 ఓట్లయితే, దాదాపు ఏడు లక్షల మంది ఉన్న బ్రెమెన్‌కి 3. మన రాజ్యసభలో యూపీకి 31 సీట్లు, సిక్కింకి 1 అని నాన్న వెంటనే అందుకున్నారు. పైగా ఒక రాష్ట్రం ఓట్లన్నీ ఒకేలా పడాలి, చీల్చడానికి లేదు.

ఆ రూలు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఆవిడ 2002 మార్చి 22 సంగతి చెప్పింది. ఆ రోజు ఓటింగ్ వలసల చట్టం మీద, అంటే బయట నుంచి ఉద్యోగానికి వచ్చే మాలాంటి వాళ్ల చట్టం. బ్రాండెన్‌బర్గ్ 4 ఓట్లు పడితేనే గట్టెక్కుతుంది. ఆ రాష్ట్రంలో సంకీర్ణ ప్రభుత్వం, ముఖ్యమంత్రి స్టోల్పే అవును అన్నాడు, పక్కనే ఉన్న మంత్రి షోన్‌బోమ్ కాదు అన్నాడు, అధ్యక్ష స్థానంలో ఉన్న వోవెరైట్ దాన్ని అవును కిందే లెక్కేశాడు, హాలంతా కేకలు. డిసెంబర్‌లో కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ కోర్టు ఆ ఓటు చెల్లదని చట్టాన్నే కొట్టేసింది, తర్వాత బేరసారాలన్నీ అయ్యి కొత్త చట్టం అమల్లోకొచ్చేసరికి 2005 జనవరి అయింది. నేను ఆ కుర్చీల వరసల వైపే చూస్తూ ఉండిపోయాను. నా వీసా ఇచ్చింది కేంద్ర విదేశాంగ శాఖ కింద పనిచేసే కాన్సులేట్, ఇక్కడికొచ్చాక ఉండటానికిచ్చే కార్డు పొడిగించాల్సింది మాత్రం ఊరి స్థాయిలో ఉండే ఆఫీసు. మా ఊళ్లో అపాయింట్‌మెంట్ కోసం ఐదు నెలలు ఎదురుచూసినప్పుడు రెండూ ఒకటే ప్రభుత్వం కదా ఇంత లేటేంటి అనుకునేవాణ్ణి. చట్టం చేసేది కేంద్రమే, అమలు చేసేది ఎక్కువగా రాష్ట్రాలూ వాటి కింద ఊళ్లూ అని అక్కడ కూర్చున్నాకే నిజంగా ఎక్కింది.

"మరి విదేశాంగం అంతా కేంద్రానిదేనా" అని నాన్న అడిగితే, నేను అడిగిపెట్టాను. ప్రధానంగా కేంద్రానిదే, 1949 రాజ్యాంగంలో 32వ ఆర్టికల్ అదే చెప్తుంది, కానీ తమ పరిధిలో ఉన్న విషయాల మీద కేంద్రం ఒప్పుకుంటే రాష్ట్రాలు కూడా వేరే దేశాలతో ఒప్పందాలు చేసుకోవచ్చట, మనకి లేని వీలు ఇది. యూరోపియన్ యూనియన్ విషయాల్లో బుండెస్‌రాట్ మాట వినాలి, రాష్ట్రాలకి బ్రస్సెల్స్‌లో సొంత ఆఫీసులు కూడా ఉన్నాయి. సైన్యాన్ని బయటకి పంపాలంటే మాత్రం బుండెస్‌టాగ్, అంటే ఎన్నికైన ఎంపీల సభ, ఒప్పుకోవాల్సిందే, 1994లో కోర్టు అలా తేల్చింది. 2025 మార్చిలో రక్షణ ఖర్చు కోసం రాజ్యాంగంలో ఉన్న అప్పుల పరిమితి రూలు మార్చినప్పుడు కూడా బుండెస్‌రాట్‌లో మూడింట రెండొంతులు, అంటే 46 ఓట్లు కావాల్సి వచ్చింది, 53 పడ్డాయి.

ఇబ్బంది అంటే భాష ఒక్కటే. జర్మన్ రానివాళ్లు బుక్ చేసేముందు ఇంగ్లీష్ టూర్ ఉందేమో అడగండి, లేకపోతే తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి. డోమ్‌కి సాయంత్రం, బుండెస్‌రాట్‌కి పొద్దున పెట్టుకుంటే ఒక్కరోజులో రెండూ అయిపోతాయి. మేం బయటికొచ్చి పోట్స్‌డామర్ ప్లాట్జ్ వైపు నడిచాం, అక్కడ దగ్గర్లోనే కొన్ని రాష్ట్రాల భవనాలు వరసగా ఉన్నాయి, ఢిల్లీలో మన ఏపీ భవన్ లాంటివి. నాన్న ఒక్కో గేటు దగ్గరా ఆగి బోర్డు చదివించుకున్నారు, అమ్మ ఆకలేస్తోంది పదండి అనేదాకా.